అంబ్రుష్ వంతు

కాపోల్నలో ప్రతి ఇంటి గేటు ముందూ ఒక బెంచీ ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాని మీద కూర్చోవచ్చు. పండగనాడు కూర్చోవచ్చు. కాళ్ళు సహకరించని ముసలివాళ్ళు ఏ రోజైనా కూర్చోవచ్చు, వాళ్ళనెవరూ ఏమీ అనరు. ఒంట్లో సత్తువ ఉన్న మగవాడు మాత్రం మంగళవారం పొద్దున్నే, ఊరంతా పనిలో ఉన్న వేళ, గేటు ముందు బెంచీ ఎక్కాడంటే ఆ ఇంటి ఆడదానికి తల కొట్టేసినట్టే.

వెరోంక మొగుడు అంబ్రుష్ సరిగ్గా అలాగే కూర్చునేవాడు. పోనీ తీరిగ్గా కూర్చునేవాడా అంటే అదీ లేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ముందుకు వంగి, దౌడు తీసి వచ్చిన గుర్రంలా రొప్పుతూ, ఎదురుగా ఏదో గొప్ప సంగతి జరుగుతున్నట్టు కళ్ళార్పకుండా వీధిలోకి చూసేవాడు. వీధిలో పక్కింటి లాజార్ బాతులు తప్ప ఏమీ ఉండేవి కావు. కాసేపటికి దిగ్గున లేచి, పక్కనే గేటు తెరిచి ఉన్నా కంచె మీంచి పెరట్లోకి దూకి, గొడ్డలి అందుకుని దుంగల మీద పగబట్టినట్టు పడేవాడు. పేళ్ళు ఎగిరి కోళ్ళు చెల్లాచెదురయ్యేవి. కిటికీలోంచి చూసి "హమ్మయ్య, ఇవాళ్టితో కట్టెల పని తెమిలింది" అని వెరోంక అనుకునే లోపే గొడ్డలి కింద పడేసి, మళ్ళీ కంచె దూకి, మళ్ళీ బెంచీ మీదికి.

అతను పనిదొంగ అయితే ఏం చెయ్యాలో వెరోంకకి తెలుసు. అలాంటివాళ్ళని ఒకరిద్దరిని ఆమె నోటితోనే దారికి తెచ్చింది. కానీ పనిదొంగ రొప్పడు కదా. ఆమెకి అర్థం కానిది అదే.

అంబ్రుష్ పుట్టింది లోయకి అవతలి వైపు. ఓల్ట్ ఏటి పక్క చిత్తడి నేలలు నవంబరుకే గడ్డకట్టేవి, అక్కడి పిల్లలకి నడవడమూ మంచు మీద జారడమూ ఒకేసారి వచ్చేవి. మీసాలు రాకముందే సెరెడ పట్నం మంచు హాకీ జట్టువాళ్ళు తీసుకుపోయారు. ఆటకి జీతం ఇవ్వకూడదని అప్పటి సర్కారు నియమం, అందుకని కాగితం మీద అతనొక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ ఫ్యాక్టరీ గేటు ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలియదు. ఆ సర్కారు కూలిపోయాక దాపరికం అక్కర్లేకపోయింది, జట్టే జీతం ఇచ్చింది. మధ్యలో రెండు చలికాలాలు హంగరీ వెళ్ళి ఆడి వచ్చాడు. మొత్తం మీద ఇరవై ఏళ్ళు.

గోల్ కొట్టే రకం కాదు, పడనివ్వని రకం. ఎదుటివాడు ఆటలో బంతికి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ళని కర్రతో బలంగా కొట్టబోతే దాని దారికి అడ్డంగా పడుకోవడం అతని పని. బుర్ర ఉన్నవాడెవడూ ఒప్పుకోని పని. అంబ్రుష్ ఒప్పుకున్నాడు కాబట్టే సెరెడ సంతలో జున్ను అమ్మే ఆడవాళ్ళు అతనికి ఎప్పుడూ కాస్త మొగ్గుగా తూచి ఇచ్చేవాళ్ళు. ఒకసారి రాజధాని బుకారెస్టులో ఆటలో బిళ్ళ మూతికి తగిలి ముందు పళ్ళన్నీ మంచు మీద రాలితే, వాటిని స్కేటుతో పక్కకి నెట్టి ఆడాడట. ఆ మాట చెప్పేటప్పుడు సెరెడ మగవాళ్ళు ఇప్పటికీ టోపీ తీస్తారు.

"పళ్ళు బుకారెస్టులో వదిలాడు, ముక్కు గ్యెర్గ్యోలో వంచుకున్నాడు, మోకాలు సెరెడలో పోగొట్టుకున్నాడు. మిగిలింది నాకు తెచ్చాడు" అనేది వెరోంక. అనేటప్పుడు ఆమె కళ్ళు నవ్వేవి. ఆ మిగిలినదాని మీద ఆమెకి ఫిర్యాదు లేదని విన్నవాళ్ళందరికీ తెలిసిపోయేది.

వాళ్ళిద్దరూ కలిసింది కొండ మీద ఊటనీళ్ళ స్నానాల దగ్గర. కీళ్ళ నొప్పులకి మంచివని జనం వచ్చే చోటు అది. వెరోంక అక్కడ తువ్వాళ్ళు ఇచ్చే పని చేసేది. తల్లి పోయిన ఇంట్లో తండ్రి దేనెష్‌నీ ఆవుల్నీ వదిలి ఎక్కడికీ పోనని మొండికేసి ముప్ఫై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఒకనాడు కుంటుకుంటూ ఒక కొండలాంటి మనిషి వచ్చాడు. తువ్వాలు అందుకుని, మంచి మాట చెప్పబోయి, పెట్టుడు పళ్ళు పెట్టుకోలేదని గుర్తొచ్చి గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. అంత మనిషి అంత సిగ్గుపడటం వెరోంక అంతకుముందు చూడలేదు. ఆమె మనసు అక్కడే జారింది. ఆ ఏడాదే అతను ఆట మానేశాడు, ఆమె ఇంటికి ఇల్లరికం వచ్చాడు.

వెంట తెచ్చుకున్న సామాను రెండు సంచులు, ఒక బెంచీ. మంచు ఆట ఆడే రింకు బాగుచేస్తూ ఆటగాళ్ళ పాత బెంచీని ఊడబెరుకుతుంటే, చేతిగడియారం బహుమతిగా ఇస్తామన్నవాళ్ళతో అది వద్దు, ఇది ఇవ్వండి చాలు అన్నాడట. గడ్డిబండి మీద దిగింది. పొడుగాటి బెంచీ, ఐదుగురు కూర్చోవచ్చు, అంచుల నిండా స్కేట్ల గాట్లు.

"ఏం అల్లుడూ, ఇన్నేళ్ళ చాకిరీకి నీకు కలప ఇచ్చి పంపారా?" అన్నాడు దేనెష్. అంబ్రుష్ నవ్వి దాన్ని గేటు ముందు వేశాడు. పాతది ఎలాగూ పుచ్చిపోయింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ వీధికి పెద్ద ఇగ్నాత్స్. ఒక ఇంటి పనికి వీధి మొత్తం కూలి లేకుండా కదిలివచ్చి చేసిపెట్టడాన్ని అక్కడ కలాక అంటారు. ఇల్లు లేపాలన్నా, గడ్డి కొయ్యాలన్నా, చివరికి గొయ్యి తవ్వాలన్నా కలాకే. తిండీ, పాలింక సారా ఆ ఇంటివాళ్ళు చూసుకుంటారు. ముందురోజు సాయంత్రం ఇగ్నాత్స్ చేతికర్రతో వీధి వెంట నడుస్తూ, కావలసిన మగవాళ్ళ గేట్ల మీద రెండేసి దెబ్బలు వేసుకుంటూ పోయేవాడు. నోటితో పిలిచే అలవాటు లేదు. కర్ర తగిలిన గేటు వెనక మగవాడు ఉన్నట్టు, తగలనిచోట లేనట్టు. దేనెష్ నడుం పట్టేసిన నాటి నుంచీ ఆ గేటు మీద కర్ర పడలేదు. అల్లుడు వచ్చిన తొలి వేసవిలో ఆ రెండు దెబ్బలూ మళ్ళీ వినబడగానే ముసలాయన లేచి వెళ్ళి, అటక మీది తన పొడుగు కొడవలి దించి, నూరడం మొదలుపెట్టాడు. మరునాడు తండ్రి ముఖం చూసి వెరోంక మొగుడికి రెండు రొట్టె ముక్కలు ఎక్కువే కట్టి పంపింది.

ఆ గడ్డి ఇగ్నాత్స్‌దే, కొండవాలున. మగవాళ్ళు ఒకరికొకరు కాస్త ఎడంగా, మెట్లలా వరుసలో నిలబడతారు. ముందు ఇగ్నాత్స్. ఆయన కొడవలి ఎంత నిదానంగా ఊగితే అందరివీ అంతే. ఆ ఊపు పొద్దున మొదలై పొద్దు వాలేదాకా మారదు. పక్కవాణ్ణి మించిపోవడం తప్పు, పెద్దను దాటడం అంతకన్నా తప్పు. అంబ్రుష్‌ని వరుస చివర నిలబెట్టారు. మొదటి వేటు పడిందో లేదో అతను గాలివానలా కదిలాడు. లాజార్‌ని దాటాడు, మిగతావాళ్ళని దాటాడు, ఇగ్నాత్స్‌ని కూడా దాటాడు. మడమలు కాపాడుకోడానికి పెద్దాయన పక్కకి గెంతాల్సి వచ్చింది. గెంతి ఆయన తేరుకునేసరికి అంబ్రుష్ కొడవలి కింద పెట్టేసి, కంచె దూకి, అవతల పడున్న మాను మీద కూర్చుని, నీళ్ళు తాగి ఉమ్మేసి, పొలం వైపు చూస్తున్నాడు. తను ఖాళీ చేసిన చోట్లోకి ఇంకెవరైనా దిగుతారేమోనని చూస్తున్నాడు. ఎవరూ దిగలేదు. కాసేపాగి తనే దూకాడు.

గడ్డి పోగెయ్యడానికి వచ్చిన ఆడవాళ్ళతో పాటు వెరోంక అదంతా చూసింది. మధ్యాహ్నానికి కొండవాలు తాగిన మంగలి గొరిగిన తలలా తయారైంది. వరుస చెదిరిపోయింది, మగవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఇగ్నాత్స్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం భోజనాల దగ్గర అంబ్రుష్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అబ్బాయ్, నువ్వు కూర్చున్నప్పుడు నీ సాలు ఎవరు కోస్తారనుకున్నావు?"

"నా తర్వాతవాళ్ళు, బాబాయ్" అన్నాడు అంబ్రుష్, ఇందులో అడగడానికేముందన్నట్టు.

"ఇక్కడ తర్వాతవాళ్ళెవరూ ఉండరు నాయనా. ఎవడి సాలు వాడిదే."

మళ్ళీ ఆ గేటు మీద కర్ర పడలేదు. సాయంత్రాలు పొయ్యి దగ్గర సంకటి కెలుకుతూ వెరోంక చెవులు వీధిలో పెట్టుకునేది. కర్ర లాజార్ గేటు మీద టక్‌టక్‌మనేది. తర్వాత అడుగుల చప్పుడు దగ్గరయ్యేది, ఆగకుండా దూరమయ్యేది, అవతలి గేటు మీద మళ్ళీ టక్‌టక్. ఆ మధ్యలో ఉన్న నిశ్శబ్దం తమ ఇల్లు. దేనెష్ ఏమీ వినబడనట్టు బంగాళాదుంప తొక్క తీస్తూ కూర్చునేవాడు, కానీ ఆయన చేతిలో కత్తి ఆగేది.

అంబ్రుష్ ఊరికే ఉండలేదు. కోతమిల్లులో చేరాడు, అడవిలో చెట్లు కొట్టే ముఠాలో చేరాడు. రెండు చోట్లా మేస్త్రీలు మంచి మాటే చెప్పి పంపేశారు: "మనిషి బంగారం, కానీ పిడుగులా పడతాడు, పడ్డచోట ఉండడు." సెరెడ వెళ్ళి రింకులోనే ఏదైనా పని చూసుకోమన్నారు కొందరు. ఆ మాట ఎత్తితే అంబ్రుష్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

దుంపలు తవ్వే రోజుల్లో ఒక ఉదయం వెరోంక పాలు పితికి వచ్చేసరికి, మొగుడు బెంచీ మీద, నడుం వంగని తండ్రి పార పట్టుకుని చాళ్ళలో ఉన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బకెట్టు అక్కడే దించి వీధి మొత్తం వినేలా కడిగేసింది. ముసలాయన చేత తవ్విస్తూ బాతుల్ని చూస్తూ కూర్చునే మగతనం ఎక్కడ నేర్చుకున్నావంది. ఇలాంటి అల్లుణ్ణి తెచ్చినందుకు వీధిలో తలెత్తుకోలేకపోతున్నానంది. లాజార్ పెళ్ళాం పని ఉన్నట్టు కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. అంబ్రుష్ తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోడానికి ఆగినప్పుడు మెల్లగా చెప్పాడు, ఆటలో ఎవరూ నిమిషం మించి మంచు మీద ఉండరని. ఆ నిమిషంలో ఉన్నదంతా పెట్టెయ్యాలి, మంచు చుట్టూ ఉండే నడుమెత్తు గోడ దూకి వచ్చి కూర్చోవాలి, తర్వాతి ముగ్గురో నలుగురో దూకుతారు. కూర్చోనివాడికి తర్వాతి వంతుకి కాళ్ళు ఉండవు.

"అయితే మరి లేవాలని ఎలా తెలుస్తుంది?" అంది వెరోంక, కోపం ఇంకా పూర్తిగా దిగకుండానే.

"లేహెల్ మా కోచ్. వెనకనుంచి వచ్చి భుజం మీద తడతాడు. తడితే దూకడమే."

"ఇప్పుడో?"

అంబ్రుష్ బెంచీ గాట్ల మీద బొటనవేలు రాశాడు. "ఇప్పుడు ఎవరూ తట్టట్లేదు. ఎప్పుడు లేవాలో నాకు తెలియట్లేదు, వెరోంకా. ఇంకొంచెం ఆగితే తడతారేమో అనిపిస్తది. ఆఖరాటలో కూడా తట్టలేదు. మోకాలు చూసి లేహెల్ నన్ను మంచు మీదికి పంపలేదు. జనమంతా వెళ్ళిపోయి దీపాలు ఆర్పేదాకా కూర్చునే ఉన్నాను."

వెరోంక కంచె దగ్గరి లాజార్ పెళ్ళాం వైపు ఒక చూపు చూసి ఆమెని ఇంట్లోకి పంపింది, బకెట్టు తీసుకుని తనూ లోపలికి వెళ్ళింది. గుమ్మం దాటాక గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ చీకటి రింకులో బెంచీ మీద ఒక్కడే కూర్చున్న మనిషి ఆమె కళ్ళ ముందునుంచి పోలేదు. తర్వాత నడుముకి కట్టుకున్న గుడ్డతో ముఖం తుడుచుకుని, బయటికి వచ్చి, బెంచీ వెనకగా నడుస్తూ రెండు వేళ్ళతో అతని భుజం మీద తట్టింది.

అంబ్రుష్ కంచె దూకాడు. పార అందుకున్నాడు. దేనెష్ పక్కకి తప్పుకోవడానికి కూడా తీరిక ఇవ్వలేదు. ఆమె పందులకి కుడితి పోసి వచ్చేసరికి అతను బెంచీ మీద ఉన్నాడు, దాటుతూ మళ్ళీ తట్టింది. నీళ్ళకి వెళ్తూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి. మధ్యాహ్నం కాకముందే దుంపల చాళ్ళన్నీ తిరగబడ్డాయి. ఆ శరదృతువులో కట్టెలు ఇంటి చూరుని తాకాయి, కొట్టం కప్పు మారింది, ఏళ్ళ తరబడి వాలిపోయిన కంచె నిటారుగా నిలబడింది. అతను ఎక్కువ దూకేది దాని మీంచే కాబట్టి అది మాత్రం రెండుసార్లు నిలబెట్టాల్సి వచ్చింది.

వీధి ఊరుకుంటుందా? వెరోంక మొగుడికి గడియారంలా కీ ఇస్తోందన్నారు. కీ ఎక్కడుందో మాకూ చూపించమని సంతలో ఆడవాళ్ళు ఆటపట్టించారు. ఆమె అవన్నీ నవ్వుతూ మింగింది. సాయంత్రం కర్ర చప్పుడు తమ గేటు దాటిపోవడం మాత్రం మింగలేకపోయింది. ఒకరోజు బతిమాలడం అలవాటు లేని ఆ మనిషి ఇగ్నాత్స్ ఇంటికి వెళ్ళి నిలబడింది. పని చేస్తున్నాడు బాబాయ్, నువ్వే వచ్చి చూడు, ఒక్కసారి పిలిచి చూడు అంది. ఇగ్నాత్స్ చెడ్డవాడు కాదు. చుట్ట నోట్లోంచి తీసి, నిదానంగానే అన్నాడు.

"కలాకకి మగాణ్ణి పిలుస్తాం తల్లీ. భుజం తట్టడానికి వాడి పెళ్ళాన్ని కూడా పిలవమంటావా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంటికి వచ్చి ఆ మాట మొగుడికి చెప్పలేదు. తండ్రికీ చెప్పలేదు.

ఆ జనవరిలో ఇగ్నాత్స్ చనిపోయాడు. ఆ లోయలో చలి ఎలాంటిదంటే, ఆరేసిన చొక్కా పలకలా నిలబడుతుంది. చావు ఇంటివాళ్ళు గొయ్యి తవ్వకూడదు, ఇరుగుపొరుగువాళ్ళే తవ్వాలి, అది ఆచారం. ఇగ్నాత్స్ కొడుకు మోజెష్ తండ్రి చేతికర్ర పట్టుకుని వీధి తిరిగాడు. లాజార్ గేటు మీద కొట్టాడు. ఈ గేటు ముందు ఒక్క క్షణం అడుగులు ఆగినట్టు వెరోంకకి అనిపించింది. తర్వాత అవతలి గేటు మీద చప్పుడైంది. తండ్రి అలవాటు కొడుకు చెయ్యి పట్టి నడిపించింది, అంతే.

మరునాడు పొద్దున్నే ఆరుగురు మగవాళ్ళు శ్మశానానికి వెళ్ళారు. రాత్రంతా అక్కడ కట్టెలు పేర్చి మంట వేసి ఉంచారు, అయినా నేల జానెడు మించి మెత్తబడలేదు. దాని కింద ఇనుమే. గోతిలో ఇద్దరికే చోటు. గడ్డి కోసినట్టే తవ్వారు వాళ్ళు, నిదానంగా, పొద్దుటినుంచీ ఒకే ఊపున. గడ్డికి ఆ ఊపు సరిపోతుంది. గడ్డకట్టిన మట్టి మీద మాత్రం గునపం ఎగిరి వెనక్కి వచ్చి మణికట్లు గుంజేసింది. మధ్యాహ్నం గంట మోగేసరికి గొయ్యి మోకాలి లోతు కూడా లేదు. పొద్దు వాలేలోపు పాదిరి వస్తాడు, శవపేటిక వస్తుంది. చనిపోయినవాడు గోతి కోసం ఎదురుచూడటం అంటే ఆ ఇంటికీ వీధికీ తరాల పాటు చెప్పుకునే అప్రతిష్ఠ. పాలింక సీసా తీసుకుని వెళ్ళిన మోజెష్ ఆ గొయ్యి చూసి, సీసా అక్కడే పెట్టేసి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

శ్మశానం వీధికి అవతల గుట్ట మీద. అంబ్రుష్ బెంచీకి సరిగ్గా ఎదురు. వంటకి ఆడవాళ్ళందరినీ పిలిచారు కాబట్టి వెరోంక క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన కుండ పట్టుకుని చావు ఇంటికి బయల్దేరింది. గేటు దగ్గర ఆగిపోయింది. అంబ్రుష్ ముందుకు వంగి గుట్ట మీదికి చూస్తున్నాడు. అతని మడమలు నేల మీద టపటపా ఆడుతున్నాయి.

"ఓడిపోతున్నారు" అన్నాడు ఆమె వైపు తిరగకుండా. "ఆ ఇద్దరూ ఎప్పట్నుంచో దిగే ఉన్నారు. కాళ్ళు చచ్చిపోయి ఉంటాయి వాళ్ళకి. పైకి రారేం?"

"వెళ్ళొచ్చుగా నువ్వు."

"పిలవలేదుగా. పిలవకుండా గోడ దూకితే శిక్ష నాకొక్కడికే కాదు, జట్టు మొత్తానికి."

వెరోంక కుండ బెంచీ మీద పెట్టింది. ఇగ్నాత్స్ అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా సరే అనుకుంది. వెనకగా వెళ్ళి, రెండు వేళ్ళతో అతని భుజం మీద తట్టింది.

అతను కుంటి మోకాలితోనే వీధికి అడ్డంగా ఉరికాడు, శ్మశానం రాతిగోడ మీద ఒక చెయ్యి వేసి అవతలికి దూకాడు. కుండ సంగతి మరిచిపోయి వెరోంక వెనకే వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. అంబ్రుష్ ఎవరినీ ఏమీ అడగలేదు. గోతిలోకి దిగి, లాజార్ చేతిలోంచి గునపం తీసుకుని, ఒక్క నిమిషం కొట్టాడు. గడ్డకట్టిన మట్టిలోంచి నిప్పురవ్వలు లేచాయి. తట్టంత పెళ్ళలు ఊడి పైకి ఎగిరాయి. అంతలోనే గునపం వదిలేసి, పైకి ఎక్కి, పక్క సమాధి గట్టు మీద కూలబడ్డాడు. అందరూ అతన్ని చూస్తున్నారు, అతను వాళ్ళని చూస్తున్నాడు. గోతిలోకి ఎవరూ దిగలేదు. మళ్ళీ ఆ గడ్డి రోజే అయ్యేలా ఉందనుకుంది గోడ దగ్గర వెరోంక.

అప్పుడు అంబ్రుష్ లేచాడు. లాజార్ వెనక్కి వెళ్ళి అతని భుజం మీద తట్టాడు.

"ఒక్క నిమిషం. ఉన్నదంతా పెట్టు. తర్వాత నువ్వు ఆపమన్నా ఆపుతా, ఆపొద్దన్నా ఆపుతా."

లాజార్ ఏమనుకున్నాడో ఏమో, దూకాడు. అతనికి ఆయాసం వచ్చేలోపే ఇంకొకడి భుజం మీద తట్టు పడింది. ఎక్కినవాణ్ణి సమాధి గట్టు మీద కూర్చోబెట్టి, నోటికి సీసా అందించి, మెడకి కంబళి చుట్టాడు. తన వంతు వచ్చినప్పుడు తనే దిగాడు. ఎవరి కాళ్ళు ఎప్పుడు చచ్చిపోతాయో వాళ్ళకంటే ముందు అతనికే తెలుస్తోంది. మాటలు లేవు, భుజం మీద తట్టు ఒక్కటే. నేల లోతులో గడ్డ తెగి మెత్తటి మట్టి తగిలినప్పుడు ఆరుగురూ ఒకేసారి అరిచారు, శ్మశానమని కూడా మరిచిపోయి.

వెరోంక అతని ఆట ఎప్పుడూ చూడలేదు. సెరెడవాళ్ళు ఎంత చెప్పినా వినడమే. ఆ మధ్యాహ్నం గోడ మీద గడ్డం ఆనించి చూసింది. చలికి బుగ్గల మీద నీళ్ళు గడ్డకడుతున్నా తుడుచుకోలేదు. ఆమెకి గర్వంగా ఉంది. అంత గర్వం ఆమెకి అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఇగ్నాత్స్‌ని వేళకి దించారు. సాయంత్రం చావు భోజనాల్లో అంబ్రుష్‌ని తవ్వినవాళ్ళ బల్ల దగ్గర కూర్చోబెట్టారు, మోజెష్ అతని గ్లాసు తన చేత్తో నింపాడు. మెచ్చుకునే మాటలు అక్కడి మగవాళ్ళు అనరు. వెరోంక తెచ్చిన క్యాబేజీ ఏదని ఆడవాళ్ళు అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. కుండ బెంచీ మీదే ఉంది, ఖాళీగా. లాజార్ కుక్క దాని పక్కనే పడుకుని నిద్రపోతోంది.

చావు అవసరానికి చేసిన పని వేరు, బతుకులో లెక్కలోకి రావడం వేరు అని వెరోంకకి తెలుసు. అందుకే ఆ చలికాలమంతా ఏ ఆశా పెట్టుకోకుండా ఉండటానికి ప్రయత్నించింది. వసంతంలో ఒక ఇంటికి కప్పు వెయ్యడానికి ఆ ఇంటివాళ్ళ బంధువులే వచ్చారు, కర్ర ఎవరి గేటు మీదా పడలేదు. గడ్డి మోకాలు దాటి ఎదిగింది.

ఒక సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. దేనెష్ దుంప తొక్క తీస్తున్నాడు. వీధిలో కర్ర చప్పుడు మొదలైంది. లాజార్ గేటు మీద టక్‌టక్. అడుగులు దగ్గరయ్యాయి. దేనెష్ చేతిలో కత్తి ఆగింది. వెరోంక చేతిలో గరిటె ఆగింది.

తమ గేటు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి అంబ్రుష్ బెంచీ మీదే ఉన్నాడు, కదలకుండా. కొట్టినవాడు ముందుకు సాగిపోవాలి, అది పద్ధతి. మోజెష్ సాగిపోలేదు. తండ్రి కర్ర చంకలో పెట్టుకుని, టోపీ సరిచేసుకుని, ఎవరూ చెయ్యని పని చేశాడు, నోరు తెరిచి మాట్లాడాడు.

"అంబ్రుష్ అన్నా, రేపు మా కొండ మీది గడ్డి. కొడవలి తెచ్చుకో. ఆ బెంచీని కూడా బండి మీద కొండకి చేరుస్తా, లాజార్ వాళ్ళు కూడా వంతులే కావాలంటున్నారు." ఇంకో అడుగు వేసి, గుమ్మం వైపు చూసి ఆగాడు. "వెరోంకక్కా, నువ్వు కూడా మగాళ్ళ వరుసలోకి రావాలి. భుజం తట్టడానికి మనిషి కావాలిగా."

తండ్రి అన్న మాట కొడుక్కి తెలుసో తెలియదో ఆమె ఎప్పుడూ అడగలేదు. అంబ్రుష్ ఆమె వైపు తిరిగి చూస్తున్నాడు. లేవాలో వద్దో తెలియక, పిలుపు కోసం చూసే ఆ పాత చూపే. వెరోంక సంకటి అంటిన చేత్తోనే అతని భుజం మీద తట్టింది. అంబ్రుష్ లేచి మోజెష్ చెయ్యి పట్టుకున్నాడు, పళ్ళు పెట్టుకోలేదన్న సంగతి మరిచిపోయి నోరంతా తెరిచి నవ్వాడు.

లోపలినుంచి మాడు వాసన వచ్చింది. "ఈ ఇంట్లో మంచి కబురు వచ్చినప్పుడల్లా తిండి పోతుంది" అని గొణిగాడు దేనెష్. సంకటి సగానికి సగం అడుగంటింది. ముగ్గురూ అదే తిన్నారు. ముసలాయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు, తిని లేచి, కొడవలి నూరడానికి వెళ్ళాడు.